ఎడమకాలు

లీవెన్ ముందు డబ్బు సంగతి అడగలేదు.
"మేజోళ్ళు విప్పండి" అన్నాడు.
ఇరవై ఆరేళ్ళు హేరార్డ్స్‌బెర్గెన్ వీధుల్లో
ఉత్తరాలు పంచిన పాదాలు.
ఎవరికీ చూపించే అలవాటు లేదు.
అట్టముక్క మీద నిలబడ్డాను.
పెన్సిలు బొటనవేలు చుట్టి వచ్చి
మడమ దగ్గర చక్కిలిగింత పెట్టింది.
కుడిది ఎడమదానికన్నా నాలుగు మిల్లీమీటర్లు పొడుగట.
యాభై రెండేళ్ళుగా నాతోనే ఉండి
ఒక్క మాట చెప్పలేదు.

"పెద్దపాదానికే కొనాలి.
సాయంత్రమే కొలవాలి, కాస్త ఉబ్బాక.
వేళ్ళు ఆడాలి, మడమ ఆడకూడదు."
మొదటి జతకి కార్బన్ అడుగు.
వంచబోయాను, వంగలేదు.
గోరుతో కొడితే పింగాణీ పళ్ళెంలా మోగింది.
ధర చూసి
నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినట్టు
మెల్లగా అరలో పెట్టేశాను.
రెండో జత నైలాన్‌ది. కాస్త వంగుతుంది, కాస్త బతకనిస్తుంది.
రంగు తెలుపు.
ఏడాదిలో సగం బురదే ఉండే ఫ్లాండర్స్‌లో తెలుపు!
నా కొలతకి నలుపు మిగల్లేదు మరి.

ఇక పెడళ్ళు.
వీటిని క్లిప్పుల్లేని పెడళ్ళంటారు.
అంటారు గానీ, కాలిని కరిచి పట్టుకోవడమే వాటి పని.
నేతిబీరలో నెయ్యి లేదంటే సరే అనుకోవచ్చు,
లేదని పేరు పెట్టుకుని నిండా నెయ్యి కార్చేదాన్ని ఏమనాలి?
ఒకప్పుడు కాలివేళ్ళకి ఇనపతొడుగూ తోలుపట్టీ ఉండేవట.
ఆ తొడుగే క్లిప్పు.
అది పోయింది, పోయిన గుర్తు పేరులో ఉండిపోయింది.
అలా పోయినవాటితో పిలిపించుకోవడం
మనుషులకే ఉందనుకున్నాను.

లీవెన్ అరచేతిలో మూడు రంగుల బిళ్ళలు.
"ఎర్రది పాదాన్ని అసలు కదలనివ్వదు.
నీలంది కొంచెం.
పసుపుది మీ మోకాలి మాట వింటుంది."
నా మోకాలు మాట్లాడుతుందని ఆయనకెలా తెలుసో.
పసుపే బిగించమన్నాను.
బొటనవేలి కణుపు కింద మూడు మరలు,
వెంట్రుకవాసి అటు,
వెంట్రుకవాసి ఇటు, మళ్ళీ అటు.
"రెండు రంధ్రాల రకం కూడా ఉంది, దాంతో హాయిగా నడవొచ్చు"
అని అన్నీ బిగించాక చెప్పాడు.
గేటు నుంచి గుమ్మానికి నడిచిన నడక చాలన్నాను.

అయినా నడిచి చూపించాల్సొచ్చింది:
టక్కు టక్కు, గచ్చు మీద
బాతు పెళ్ళికి బయల్దేరినట్టు.
ఆయన కూతురు ఫెన్నే
నవ్వాపుకోడానికి
తుడిచిన పంపునే మళ్ళీ తుడిచింది.

స్టాండులో సైకిలు. గోడ పట్టుకుని ఎక్కాను.
ముని దించి, బరువు వేస్తే,
టక్.
"ఇప్పుడు విడిపించుకోండి."
పైకి లాగాను, రాలేదు. వెనక్కి లాగాను, రాలేదు.
"గుంజితే రాదు. మడమ బయటికి తిప్పండి,
కిటికీ గడియ తీసినట్టు."
తీశాను. ఇరవైసార్లు తీశాను.
"స్ప్రింగు బాగా వదులు చేశాను.
ఆగేటప్పుడు ముందు ఏ కాలు దించుతారు?"

ఏ కాలు!
రోజుకి నాలుగొందల గుమ్మాలు,
ప్రతి గుమ్మం దగ్గరా దిగింది ఎడమకాలే.
కరెంటు బిల్లుకీ, పెళ్ళిపిలుపుకీ,
నల్ల అంచు కవరుకీ అదే.
కుక్క విప్పి ఉన్న ఇంటి ముందు మాత్రం
అదీ దిగేది కాదు.

గురువారం క్లబ్బు ఆడవాళ్ళతో
డెండర్ గట్టు మీద ముప్పై కిలోమీటర్లు.
పిక్కలు తొక్కుతున్నాయో, చక్రమే పిక్కల్ని తిప్పుతోందో తెలియలేదు.
తిరుగుదారిలో స్టేషన్ దగ్గర ఎర్రదీపం.
ఎడమకాలు తీశాను, గడియలా, ముచ్చటగా.
సైకిలు కుడివైపుకి ఒరిగింది.

ఎంత మెల్లగా పడ్డానంటే
పడుతూ పడుతూ బేకరీ పలక చదివాను:
మాటెన్‌టార్ట్, పాలవిరుగుడు పూర్ణంతో,
ఈ పూటే కాల్చినవి, ఆరు కొంటే
నేల వచ్చేసింది.
కుడిపాదం ఇంకా పెడల్‌లోనే ఉంది,
ఏమీ ఎరగనట్టు, తెల్లగా.
నలభై ఏడో నంబరు ఇంటాయన
పొట్లం పట్టుకుని బేకరీ మెట్ల మీంచి వంగి చూసి,
"పోస్టమ్మా, నాకేమైనా ఉందా?" అన్నాడు.
"రేపు" అన్నాను నేల మీంచి,
మడమ తిప్పుకుంటూ.